‘ఆరో బెర్తు’ను సిఫారసు చేసినవాడు

గాజువాకలో ఉమాశంకర్ ఇంటి మేడ మీద గదిలో శుక్రవారం సాయంత్రాలు జరిగే కార్యక్రమాన్ని వాళ్ళు ‘జత’ అంటారు. ఒక కొత్త సినిమా, ఒక పాత సినిమా. కొత్తది ఈమధ్యే విడుదలై ఇళ్ళలోని టీవీల్లోకి దిగినదై ఉండాలి. పాతది ఎనభైల నాటిది, అందులోనూ ఎవరూ పట్టించుకోనిదై ఉండాలి. వందరోజులాడినవి పనికిరావు, వాటిని మోయడానికి వాటి హీరోల కొడుకులున్నారు, మనవలు తయారవుతున్నారు. సిఫారసు చేసేవాడు కథ చెప్పకూడదు. ముగింపు అసలే చెప్పకూడదు. ఎందుకు చూడాలో ఒక్క ముక్కలో చెప్పి నోరు మూసుకోవాలి.

జతకి వచ్చేది ముగ్గురు. ఇంటాయన ఉమాశంకర్, ఆటోనగర్లో ఒక ఫౌండ్రీలో ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. అతని మేనల్లుడు నాగవంశీ మధురవాడలో కంప్యూటర్ కొలువు చేస్తూ, మిగతా వేళల్లో మరుగునపడ్డ సినిమాల గురించి వీడియోలు చేసి యూట్యూబులో పెడుతుంటాడు. మూడోవాడు అయూబ్. పూర్ణా మార్కెట్ వెనక సందులో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తాడు. ఒకప్పుడు ఇతనూ అదే ఫౌండ్రీలో పనిచేసినవాడే. ఉద్యోగం మాత్రం ఇరవై రెండేళ్ళ వయసుకే పోయింది.

ఎలా పోయిందన్నది అయూబ్ జీవితంలో చెప్పుకోదగ్గ ఒకే ఒక్క సంగతి. కరిగిన ఇనుము మోసే గరిట, గొలుసు తెగి, అచ్చులు కట్టే దాలయ్య అనే మౌల్డర్ ఎడమ చేతి మీద పడింది. గొలుసు అరిగిపోయిందని అంతకు ముందు వారమే అందరూ మొత్తుకున్నారు. యాజమాన్యం మాత్రం దాలయ్య తాగి వచ్చాడంది. ఎంక్వైరీ పెట్టింది. ఆ వేళ పక్కనే ఉన్నవాళ్ళు ఇద్దరు: అయూబ్, ఉమాశంకర్. మేనేజరు ఇద్దర్నీ విడివిడిగా పిలిచి టీ ఇప్పించి, వాసన వచ్చిందని ఒక్క ముక్క చెబితే చాలన్నాడు. అయూబ్ ఎంక్వైరీలో దాలయ్య తాగలేదన్నాడు. ఉమాశంకర్ తాగాడన్నాడు. నెల తిరక్కుండా ఒకడు గేటు బయట ఉన్నాడు, ఇంకొకడు సూపర్‌వైజరయ్యాడు.

నిజం చెప్పినవాడికి లోకం ఎప్పుడో ఒకప్పుడు మేలు చేస్తుందని పిల్లల పుస్తకాల్లో రాస్తారు. లోకం అయూబ్‌కి ఏ మేలూ చెయ్యలేదు. దాలయ్య కూడా చెయ్యలేదు. అతను అత్తారి ఊరు తగరపువలస పోయి ఎండుచేపల వ్యాపారం పెట్టాడు. ఒకసారి అయూబ్ పనిమీద అటు వెళ్ళి, సంతలో వెతుక్కుంటూ పోయి ఎదురుగా నిలబడితే, దాలయ్య కాసేపు చూసి “ఓ, నువ్వా” అని, నెత్తళ్ళు మంచివే వచ్చాయని చెప్పి, బేరం ఒక్క రూపాయి తగ్గించకుండా పొట్లం కట్టాడు.

ఒక్క లాభం మాత్రం జరిగింది. వన్‌టౌన్లో పుస్తకాల బైండింగ్ చేసే ఒక పెద్దాయన ఈ సంగతి విని, ఆస్తీ ఉద్యోగమూ లేని ఆ కుర్రాడికి తన కూతురు తాహెరాని ఇచ్చి చేశాడు. తాహెరా ఆ కథని కట్నంగా తెచ్చుకున్నదానిలా దాచుకుంది. అద్దెకి ఇల్లు మారిన ప్రతిసారీ కొత్త పొరుగువాళ్ళకి చెప్పేది. కూతురు సమీనా ఫీజు కట్టలేక స్కూలు మార్చినప్పుడు ఆ పిల్లకీ అదే చెప్పింది: మీ నాన్న ఒక్క అబద్ధం చెప్పుంటే మనకి మేడ ఉండేది, చెప్పలేదు.

ఆ మేడ ఎలా ఉంటుందో అయూబ్‌కి చాలా ఏళ్ళ తరవాత తెలిసింది. ఒకరోజు ఒకావిడ మిక్సీ పట్టుకుని అతని కొట్టుకి వచ్చింది. వెనకే కారు దిగినవాడు ఉమాశంకర్. ఆవిడ అతని భార్య కాంతం. ఇద్దరు మగాళ్ళూ ఒకర్నొకరు చూసుకున్నారు. “ఏటి బావా, బుర్ర బట్టతలైపోనాది” అన్నాడు ఉమాశంకర్. “నీకు పొట్టొచ్చింది” అన్నాడు అయూబ్. క్షమాపణలూ కౌగిలింతలూ ఏమీ లేవు. మిక్సీ బాగైంది. కుర్రతనంలో ఇద్దర్నీ కలిపింది సెకండ్ షోలే గనక మళ్ళీ సినిమాల గురించే మాట్లాడుకున్నారు. ఫౌండ్రీ మాట ఎత్తకూడదని ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఎవరూ ఎత్తలేదు. శుక్రవారం శుక్రవారం అయూబ్ బస్సెక్కి గాజువాక వెళ్ళి, ఫ్రెండు ఏసీ కింద కూచుని, కాంతం వేసిన మిరపకాయ బజ్జీలు తింటూ సినిమాలు చూసి వస్తున్నాడు. ఇది స్నేహమా, అలవాటా, వేరే గతిలేకపోవడమా అని అడిగితే అతను చెప్పలేడు. అడిగినవాళ్ళూ లేరు.

కాని అయూబ్‌కి ఒక కోరిక ఉంది. ఆ మేడ మీద, ఆ సోఫాలో కూచుని ఉమాశంకర్ ఒక్కసారి అనాలి: బావా, ఆరోజు నువ్వు చేసిందే మగతనం, నేను చేసింది కాదు. ఇంకేమీ అక్కర్లేదు. అడిగి అనిపించుకుంటే అందులో రుచి ఉండదు. తనంతట తనే అనాలి. దానికి దారి ఒకటుందని అయూబ్‌కి తెలుసు. దాని పేరు ‘ఆరో బెర్తు’.

అది వాళ్ళ ఎంక్వైరీ నడుస్తున్న రోజుల్లో వచ్చిన సినిమా. ఓడరేవులో ఓడలు ఆగే ఆరో బెర్తు దగ్గర పనిచేసే కూలీల కథ. క్రేను కింద పడి ఒక కూలీ కాళ్ళు నలిగిపోతాయి. కాంట్రాక్టరు వాడు తాగి ఉన్నాడంటాడు. అది కళ్ళారా చూసిన వీర్రాజు అనే ఓడ కళాసీ సాక్ష్యం చెప్పాలి. ఫౌండ్రీలో ఎవరో “అచ్చం మన కథేనంటరా” అని మోసుకొచ్చారు. యూనియన్ నాయకుడి మాట చెవిన పెట్టనివాళ్ళు, మసీదులో గుళ్ళో ఏం చెప్పినా ఆవలించేవాళ్ళు, ఆ కాలంలో వెండితెర ఏం చెబితే అది చేసేవాళ్ళు. ఈ ఇద్దరూ అంతే. సినిమా చూశాకే తేల్చుకుందామనుకున్నారు. షిఫ్టులు వేరవడంతో విడివిడిగా చూశారు. అయూబ్ వన్‌టౌన్ హాల్లో, ఉమాశంకర్ కంచరపాలెంలో పిన్ని ఇంటి దగ్గరి హాల్లో.

మర్నాడు షిఫ్టు మారేవేళ ఫౌండ్రీ బయట టీ కొట్టు దగ్గర కలిశారు.

“సూసావా?”

“సూసాను.”

“అదీ సినిమా అంటే.”

“మరేటి. ఆఖర్న ఏడుపొచ్చేసింది బావా” అన్నాడు ఉమాశంకర్.

“ఏం సెయ్యాలో తెలిసినట్టేనా?”

“తెలిసిపోనాది.”

గ్లాసులు పెట్టేసి ఒకడు లోపలికి, ఒకడు ఇంటికి పోయారు. అందుకే ఎంక్వైరీలో ఉమాశంకర్ నోటివెంట ‘తాగాడు’ అన్న మాట రాగానే అయూబ్ నిర్ఘాంతపోయాడు. అబద్ధం చెప్పినందుకు కాదు. ఆ సినిమా చూసి, ఏడ్చి, వచ్చి చెప్పినందుకు.

ఆ తరవాత ‘ఆరో బెర్తు’ మళ్ళీ ఎక్కడా ఆడలేదు. టీవీలో రాలేదు. దాని ప్రింటు కూడా లేదని నాగవంశీ వంటివాళ్ళు అంటుంటారు. అలాంటిది, ఎవరో పాత వీడియో క్యాసెట్టు నుంచి ఎక్కించారని మొన్న సమీనా ఫోన్లో వెతికి పెట్టింది. అయూబ్ అందులో పేర్లు పడేవరకూ చూసి ఆపేశాడు. మిగతాది ఉమాశంకర్ పక్కన కూచునే చూడాలి.

ఆ శుక్రవారం ఎప్పుడూ రాని తాహెరాని కూడా బయల్దేరదీశాడు. సాక్షి కావాలి కదా.

జతలో మొదటిది నాగవంశీ తెచ్చిన కొత్త సినిమా. అందులో హీరో గనికార్మికుల హక్కుల కోసం ఒక కొండ మీద మూడొందల మందిని నరుకుతాడు. నరకబడినవాళ్ళలో చాలామంది కార్మికుల్లానే ఉన్నారు. “మేకింగ్ చూడు మావా, ఆ ఫ్రేమ్ చూడు” అంటున్నాడు నాగవంశీ. తాహెరా మధ్యలో లేచి కిందకెళ్ళి కాంతంతో కబుర్లు చెప్పి, అరుపులు ఆగాక పైకొచ్చింది.

“అయూబ్ మావా, నీ వంతు. ఎందుకు చూడాలి?” అన్నాడు నాగవంశీ.

“ఇలాంటి ముగింపు తెలుగులో ఇంకోటి లేదు” అన్నాడు అయూబ్.

“పేరేటి?”

“ఆరో బెర్తు.”

“రైలు సినిమానా?”

అయూబ్ చూపు ఉమాశంకర్ ముఖం మీదే ఉంది. ఆ ముఖంలో రంగు మారలేదు సరికదా, వెలిగింది. “ఓరి నీ... ఇది దొరికిందేటి? ఎన్నాళ్ళై ఎతుకుతన్నాను బావా! కాంతం, పైకి రా, సెప్పేవోణ్ణి కదా నీకు, అదే” అని కేకేశాడు. అయూబ్‌కి ఇది అర్థం కాలేదు. సిగ్గులేదనుకున్నాడు.

సినిమా నడిచింది. బొమ్మ మసగ్గా ఉంది, పక్కన గీతలు. అయినా వీర్రాజు నడక అదే, నలిగిన కూలీ పెళ్ళాం ఏడుపు అదే. కాంట్రాక్టరు బల్ల మీద నోట్లకట్ట పెట్టి “వాసనొచ్చిందని చెప్పు చాలు” అన్నప్పుడు అయూబ్ ఓరగా చూశాడు. ఉమాశంకర్ ముందుకు వంగి చూస్తున్నాడు, చేతిలో బజ్జీ చల్లారిపోతోంది. వీర్రాజు నోట్లు అక్కడే వదిలేసి లేచాడు. విచారణలో నిజం చెప్పాడు. పనిలోంచి తీసేశారు. గేటు దాటి, ఒక్కడూ, ఓడ కూత వినపడుతుండగా, ఖాళీ రోడ్డు మీద నడుస్తూ నడుస్తూ చిన్నవాడైపోయాడు.

అయూబ్ నాగవంశీ వైపు తిరిగాడు. ఇక్కడే అయిపోతుంది. దీని తరవాత గులాబీ రంగులో, పద్మం మీద, దీపం పక్కన ‘శుభం’ అని పడుతుంది. అంత దిక్కులేని నడక మీద అంత ముద్దొచ్చే శుభం వేయడంలో డైరెక్టరు ఎంత వెటకారం పెట్టాడో అని అయూబ్ ఇన్నేళ్ళూ మురిసిపోయాడు. దాని గురించే నాగవంశీకి చెప్పాలని సిద్ధంగా ఉన్నాడు.

శుభం పడలేదు. రోడ్డు చివర ఒక కారు ఆగింది. కాంట్రాక్టరు కూతురు దిగింది.

“నీకు అసలు సంగతి తెలీదు వీర్రాజూ” అందామె. ఫ్లాష్‌బ్యాక్ వచ్చింది. అందులో నలిగిన కూలీ నిజంగానే తాగి ఉన్నాడు. అతని పెళ్ళామే వచ్చి, మా ఆయన తప్పేనని ఏడ్చింది. కాంట్రాక్టరు రహస్యంగా ఆసుపత్రి ఖర్చులన్నీ భరిస్తున్నాడట. వీర్రాజు అతని కాళ్ళ మీద పడ్డాడు. విచారణాధికారి ముందుకెళ్ళి, వాసన వచ్చిందని మాట మార్చి చెప్పాడు. కాంట్రాక్టరు అతన్ని లేపి మేస్త్రీని చేసి కూతుర్నిచ్చాడు. ఓడ మీద రంగు జెండాలు, కూలీలందరి కోలాటం. అప్పుడు పడింది శుభం. తెల్ల అక్షరాలు, నల్ల అట్ట. పద్మమూ లేదు, దీపమూ లేదు.

ఉమాశంకర్ కళ్ళు తుడుచుకున్నాడు. “సూసావా బావా, కాళ్ళమీద పడే ముందు ఆ వెనక్కి తిరిగి సూడ్డం. ఏం యాక్టింగు.”

“ఇదేటి” అన్నాడు అయూబ్. “ఇది కాదు. ఇది లేదు ఇందులో. ఎవుడో అతికించాడు.”

“లేకపోడమేటి? కంచరపాలెంలో సూసింది ఇదే కదా.”

“నాను సూసినప్పుడు రోడ్డుమీద ఎలిపోతాడు. అంతే.”

 ఉమాశంకర్ మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు. “ఓలమ్మ. బావా, ఆ వారం రెండు హాళ్ళకీ ఒకటే ప్రింటు. మా హాల్లో ఆడేసిన రీలు డబ్బా స్కూటరు మీద మీ హాలుకి వచ్చేది. ఎన్నిసార్లు ఆలీసమయ్యేది, ఎన్ని ఈలలేసేవోళ్ళు. నీకు ఆఖరి రీలు రాలేదు బావా.”

“శుభం పడింది” అన్నాడు అయూబ్. “గులాబీ రంగుది, పద్మం మీద.”

“రంగుదా? పువ్వుతో?” అన్నాడు నాగవంశీ ఉత్సాహంగా. “ఆపరేటర్లు చేసేవాళ్ళంట మావా. రీలు రాకపోతే జనం కుర్చీలు విరగ్గొడతారని, వేరే సినిమాది శుభం ముక్క కత్తిరించి దాచుకుని అతికించేసేవాళ్ళు. ఏ భక్తి సినిమాదో అయ్యుంటది అది.”

  సంగతి అందరికీ ఒకేసారి అందింది. టీ కొట్టు దగ్గర ఇద్దరూ ఒకే సినిమా చూశామనుకుని తలలూపారు. ఒకడు నిలబడమని విన్నాడు, ఒకడు వంగమని విన్నాడు.

“అయితే నువ్వు...” అన్నాడు అయూబ్.

“మరేటి? వీర్రాజంతటోడే సెప్పాడు, నాకేటి అనుకున్నాను. నీకే పొగరు, అంత సినిమా సూసి కూడా మారలేదురా అనుకున్నాను.”

“దాలయ్య తాగలేదు.”

“తాగలేదు” అన్నాడు ఉమాశంకర్, ఇంత తేలిగ్గా అన్నాడు. “నాకు తెలీదేటి? పక్కనే ఉన్నాను కదా. ఇద్దరికీ తెల్సు. అదికాదు బావా సంగతి. నువ్వేదో పెద్ద హరిశ్చంద్రుడిలాగ నన్ను సూసేవోడివి, ఇన్నాళ్ళూ. నాను సెప్పలేదు గాని నాకు కనపడేది. తీరా సూస్తే ఏటి? ఇద్దరం సినిమా సూసే సేసాం. నువ్వు గొప్పోడివీ కావు, నాను ఎదవనీ కాను. నీకు ఒక రీలు తక్కువైంది, అంతే. ఆ రీలు వచ్చుంటే నువ్వూ నాలాగే సెప్పుందువు. ఈపాటికి నీదీ ఈ వీధిలోనే మేడ.”

ఇదీ అయూబ్‌కి దొరికిన ఒప్పుకోలు. తాగలేదన్న మాట, అతను కోరుకున్న సోఫాలోంచే, అతను కోరుకున్న నోటినుంచే వచ్చింది. రావడంతోనే దాని విలువ పోయింది.

తాహెరా ఇంట్లో మొగుడితో ఉర్దూలోనే మాట్లాడుతుంది. ఇప్పుడు తెలుగులో అడిగింది. అందరూ వినాలనే కావచ్చు.

“ఏటండీ, సినిమా చూసి చెప్పారా ఆ మాట?”

“సినిమా చూడకపోయినా చెప్పేవాణ్ణే.”

“మా అబ్బాజాన్‌కి సినిమా సంగతి చెప్పారా?”

“అది చెప్పే సంగతా?”

“చెప్పాల్సిందే కదండీ” అంది తాహెరా. కాంతం బజ్జీల పళ్ళెం ఆమె వైపు జరిపింది. ఆమె ఒకటి తీసుకుని, తినకుండా పట్టుకుని కూచుంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన తాహెరా కూచుంది. స్టీల్ ప్లాంటు షిఫ్టు దిగినవాళ్ళు నిలబడి ఊగుతున్నారు. పోర్టు దగ్గరికి వచ్చేసరికి బొగ్గు దుమ్ము వాసనకి ఆమె కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఆ కొంగు వెనక నుంచే, ఈసారి ఉర్దూలో, అడిగింది: ఆ రీలు వచ్చుంటే ఏం చెప్పేవారు?

అయూబ్‌కి ఇరవై రెండేళ్ళ తన ముఖం గుర్తు తెచ్చుకోవాలనిపించింది. గుర్తొచ్చింది వీర్రాజు ముఖం. వాడు రోడ్డు మీద నడిచే ముఖం కూడా కాదు, కాళ్ళమీద పడే ముఖం.

“తెలీదు” అన్నాడు.

తాహెరా తలూపింది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. మార్కెట్లో దిగాక, రేపటికి ఉల్లిపాయలు లేవంది. అతను కొనుక్కొచ్చాడు. ఆ తరవాత ఆమె ఆ విషయం ఎత్తలేదు. దాలయ్య కథ కూడా ఎత్తలేదు. పక్కవాటాలోకి కొత్తవాళ్ళు దిగినప్పుడు, మీ ఆయన ఏం చేస్తారంటే మిక్సీలు బాగుచేస్తారంది.

నాగవంశీ ఊరుకోలేదు. ‘ఆరో బెర్తు’ ఆఖరి ముక్క కత్తిరించి, వీర్రాజు రోడ్డు మీద చిన్నవాడైపోయేచోట ఆపి, వీడియో పెట్టాడు. మీరు చూడని ఎనభైల గొప్ప సినిమా, నేను చెప్పినచోట ఆపి చూడండి, అన్నాడు. అది అతని వీడియోలన్నిటికంటే ఎక్కువమంది చూశారు. కింద జనం రాశారు: ఇంత దమ్మున్న ముగింపు ఈ రోజుల్లో ఎవడు తీస్తాడు, ఇలాంటి మనుషులు ఉండేవారు, కన్నీళ్ళాగలేదు. రాసినవాళ్ళలో ఎవరికీ ఏ ఉద్యోగమూ పోలేదు. ఉమాశంకర్ ఆ వీడియోని అయూబ్ ఫోనుకి పంపి, పక్కన దండం బొమ్మ ఒకటి పెట్టాడు. అయూబ్ అన్ని వ్యాఖ్యలూ చదివాడు, చేతిలో ఊడదీసిన మిక్సీ మోటారు పెట్టుకుని.

తరవాతి శుక్రవారం అతను వెళ్ళడేమో అని కాంతం అనుకుంది. వెళ్ళాడు. వెళ్ళకపోతే మేడ మీదివాళ్ళు చెప్పుకునేదాన్ని వినడానికి తను అక్కడ ఉండడు కదా. ఉండి వినడమే నయమనుకున్నాడు.

“పాత సినిమా ఏటి సెప్తావు బావా ఈ వారం?” అన్నాడు ఉమాశంకర్.

“పాతవి ఇంక నువ్వే సెప్పు” అన్నాడు అయూబ్. “నువ్వైతే ఆఖరుదాకా సూస్తావు.”

ఉమాశంకర్ పడీ పడీ నవ్వి, నాగవంశీ తొడ మీద చరిచి, “ఇన్నావేట్రా, అయూబ్ మావ జోకు” అన్నాడు. తరవాత నిజంగానే ఒక పాత సినిమా పేరు చెప్పాడు. అందులో తమ్ముడు అన్నను పోలీసులకి పట్టిస్తాడు. ఎందుకు చూడాలో ఒక్క మాటలో చెప్పమంటే, మనసుకి హాయిగా ఉంటుందన్నాడు. అయూబ్ సరేనని కాళ్ళు పైకి పెట్టుకుని కూచున్నాడు.